హకీమ్ ఒలాజువాన్: ఆలస్యంగా మొదలైన ఆట, ముప్పై ఏళ్లకు పండిన ఆట

మీరు అడిగినవి మూడు విషయాలు. హకీమ్ ఒలాజువాన్ నిజంగానే పదిహేనేళ్లు దాటాక బాస్కెట్‌బాల్ పట్టుకున్నాడా, అయితే అంత వేగంగా ఎలా ఎదిగాడన్నది మొదటిది. 1994, 1995లలో హ్యూస్టన్ రాకెట్స్ జట్టుతో అతడు గెలిచిన ఎన్‌బీఏ (అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్) టైటిళ్లు షికాగో మేటి ఆటగాడు మైకేల్ జోర్డాన్ లేకపోవడం వల్ల దక్కాయన్న మాటలో నిజమెంత అన్నది రెండోది. ఆట మానేశాక అతడు ఏం చేశాడు, ఏ మ్యాచ్‌లు చూస్తే అతడి ఆట అర్థమవుతుంది అన్నది మూడోది. నేను చాలా ఏళ్లుగా కుర్రాళ్లకు పోస్ట్ ఆట, అంటే బుట్ట దగ్గర వీపు పెట్టి ఆడే ఆట నేర్పుతున్నాను. ఆ పనిలో ఒలాజువాన్ పాత మ్యాచ్‌లను మళ్లీ మళ్లీ చూడక తప్పదు. అలా చూడగా నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, అందరూ వింతగా చెప్పుకునే ఆలస్యపు ఆరంభం అతడి కథలో చిన్న భాగం మాత్రమే. అప్పటికే లీగ్‌లో పెద్ద పేరున్న ఆటగాడు ముప్పయ్యో ఏట తన ఆటను మళ్లీ కొత్తగా నేర్చుకోవడమే అసలు విశేషం.

ఒలాజువాన్ 1963 జనవరి 21న నైజీరియాలోని లాగోస్‌లో, సిమెంటు వ్యాపారం చేసే యోరుబా ముస్లిం కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు, ఆ తర్వాత హ్యాండ్‌బాల్ ఆడాడు. బాస్కెట్‌బాల్ మొదలుపెట్టిన వయసు 15 అని కొన్నిచోట్ల, 17 అని మరికొన్నిచోట్ల కనిపిస్తుంది. ఏది తీసుకున్నా, అమెరికాలో అదే వయసు కుర్రాళ్లు అప్పటికే పదేళ్ల ఆట చూసి ఉంటారు కాబట్టి, మీరు విన్నది నిజమే. అయితే అతడు శూన్యం నుంచి మొదలుపెట్టాడనుకోవడం పొరపాటు. గోల్‌కీపర్‌కు బంతి ఎటు వస్తుందో తెలియకముందే బరువు రెండు కాళ్ల మీద సమంగా ఉంచుకోవడం, తన్నేవాడి తుంటి కదలికను బట్టి దూకే దిక్కును ఎంచుకోవడం అలవాటవుతుంది. హ్యాండ్‌బాల్ ఆటగాడికి ఒక చేత్తో బంతి పట్టి, గాలిలో ఉండగానే విసురు మార్చుకోవడం, పరుగు మధ్యలో దిక్కు తిప్పడం వస్తాయి. బాస్కెట్‌బాల్‌లో పొడుగు కుర్రాళ్లకు మేం నేర్పలేక తల పట్టుకునేవి సరిగ్గా ఇవే. పొడుగ్గా ఉన్నాడు కదా అని పదేళ్ల వయసులోనే బుట్ట కింద నిలబెడితే, ఆ కుర్రాడి చేతులు పెరుగుతాయి కానీ కాళ్లు అక్కడే ఉండిపోతాయి. ఒలాజువాన్‌కు కాళ్లు ముందు వచ్చాయి, ఆట తర్వాత వచ్చింది. తనకు పేరు తెచ్చిన కదలికల్లో ఫుట్‌బాల్ పాత్ర ఎంతో ఉందని అతడే అనేకసార్లు చెప్పాడు.

1980లో అతడు అమెరికా వెళ్లాడు. అతడి ఆట చూసిన ఒక పరిచయస్తుడు చెప్పిన మాట మీద హ్యూస్టన్ విశ్వవిద్యాలయం కోచ్ గై లూయిస్ రమ్మన్నాడు తప్ప, గొప్ప ఆటగాడు వస్తున్నాడని అక్కడ ఎవరూ అనుకోలేదు. విమానాశ్రయానికి స్వాగతం పలకడానికి కూడా ఎవరూ రాలేదు, టాక్సీ మాట్లాడుకుని తానే విశ్వవిద్యాలయానికి చేరుకున్నాడు. మొదటి ఏడాది మ్యాచ్‌లు ఆడే అనుమతి రాలేదు. 1981-82లో ఆడడం మొదలుపెట్టినప్పుడు కూడా మ్యాచ్‌కు సగటున ఎనిమిది పాయింట్ల చిల్లర మాత్రమే చేశాడు. ఊరికే ఫౌళ్లు చేసి బెంచీ మీదకు వెళ్లే సన్నని కుర్రాడిగానే అప్పుడు అందరికీ తెలుసు.

అక్కడి నుంచి ఏం మారిందంటే, నా దృష్టిలో జవాబు ఒక్క పేరే: మోజెస్ మలోన్. అప్పట్లో హ్యూస్టన్ రాకెట్స్‌కు ఆడుతున్న మలోన్ ఎన్‌బీఏలో అత్యుత్తమ ఆటగాడి పురస్కారాన్ని 1979లో ఒకసారి, 1982లో మరోసారి అందుకున్నాడు. వేసవిలో హ్యూస్టన్‌లోని ఫోండే రిక్రియేషన్ సెంటర్ అనే సాధారణ వ్యాయామశాలకు వచ్చి ఎవరితో పడితే వాళ్లతో ఆడేవాడు. లూయిస్ సలహా మీద ఒలాజువాన్ అక్కడికి వెళ్లాడు. రీబౌండ్ల కోసం, అంటే బుట్టలో పడక తిరిగి వచ్చే బంతుల కోసం, భుజాలతో, తుంటితో తోసుకుంటూ ఆడడంలో మలోన్‌ను మించినవాడు లీగ్‌లోనే లేడు. అలాంటివాడితో, రెఫరీ లేని చోట, వేసవులు గడిచేకొద్దీ తోపులాడిన పంతొమ్మిదేళ్ల కుర్రాడికి కాలేజీ ఆటగాళ్లు ఎలా కనిపించి ఉంటారో ఊహించుకోండి. తన ఎదుగుదలలో మలోన్‌కే పెద్ద వాటా ఉందని ఒలాజువాన్ తర్వాత కూడా అంటూనే ఉన్నాడు. ఆలస్యంగా మొదలుపెట్టినా నిలదొక్కుకోవచ్చా అని నన్ను అడిగేవాళ్లకు నేను ఈ సంగతే ముందు చెబుతాను. అతడు పోగొట్టుకున్నది చిన్నప్పటి సాధన, దొరికింది ప్రపంచంలోనే మేటి సెంటర్‌తో, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడితో, రోజువారీ పోటీ. మొదటిది పోయినవాళ్లు ఎందరో ఉంటారు. రెండోది దొరికినవాళ్లు అరుదు.

హ్యూస్టన్ కాలేజీ జట్టు వరుసగా మూడేళ్లు, 1982, 1983, 1984లలో, జాతీయ టోర్నీలో చివరి నాలుగు జట్లలో నిలిచింది. క్లైడ్ డ్రెక్స్‌లర్ లాంటివాళ్లతో నిండిన ఆ జట్టు ఎగిరి డంక్‌లు కొట్టడంలో, అంటే బంతిని నేరుగా బుట్టలోకి దించడంలో, ఎంత పేరు పొందిందంటే, పత్రికలవాళ్లు దానికి 'ఫై స్లామా జామా' అని ముద్దుపేరు పెట్టారు. అయినా టైటిల్ మాత్రం దక్కలేదు. 1983 ఫైనల్‌లో నార్త్ కరోలినా స్టేట్ జట్టువాడు దూరం నుంచి విసిరిన బంతి బుట్టకు చేరక ముందే పడిపోతుంటే, లొరెంజో ఛార్లెస్ గాలిలో అందుకుని డంక్ చేయడం, 54-52తో హ్యూస్టన్ ఓడిపోవడం కాలేజీ బాస్కెట్‌బాల్ చరిత్రలో ఇప్పటికీ చెప్పుకునే ఘట్టం. ఓడిన జట్టులో ఉండి కూడా ఆ టోర్నీ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైంది ఒలాజువానే. మరుసటి ఏడాది ఫైనల్‌లో పాట్రిక్ ఈవింగ్ ఉన్న జార్జ్‌టౌన్ చేతిలో ఓటమి. ఈ ఈవింగ్ మనకు పదేళ్ల తర్వాత మళ్లీ తారసపడతాడు.

1984 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, మొదటి ఎంపిక ఎవరిదన్నది హ్యూస్టన్ రాకెట్స్, పోర్ట్‌లాండ్ జట్ల మధ్య నాణెం ఎగరేసి తేల్చారు. హ్యూస్టన్ గెలిచి ఒలాజువాన్‌ను తీసుకుంది, పోర్ట్‌లాండ్ రెండో ఎంపికగా శామ్ బోవీని తీసుకుంది, మూడో ఎంపికలో జోర్డాన్ షికాగోకు దక్కాడు. జోర్డాన్‌ను వదులుకున్నందుకు పోర్ట్‌లాండ్‌ను నలభై ఏళ్లుగా తిడుతున్నారు కానీ, అంతకుముందే అతణ్ణి వదులుకున్న హ్యూస్టన్‌ను ఎవరూ ఒక్క మాట అనరు. ఒలాజువాన్ స్థాయికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తొలి సీజన్‌లో సగటున 20.6 పాయింట్లు, 11.9 రీబౌండ్లు. అంతకుముందు ఏడాది 29 మ్యాచ్‌లే గెలిచిన జట్టు ఈసారి 48 గెలిచింది. ఏడడుగుల నాలుగంగుళాల రాల్ఫ్ శాంప్సన్‌తో కలిపి వీళ్లను జంట గోపురాలనేవారు. 1986లో వీళ్లు మ్యాజిక్ జాన్సన్, కరీమ్ అబ్దుల్ జబ్బార్ ఉన్న లేకర్స్‌ను 4-1తో ఓడించి ఫైనల్ చేరారు. అక్కడ లారీ బర్డ్ నడిపిన బోస్టన్ చేతిలో 4-2తో ఓడారు. అప్పటికి ఒలాజువాన్ వయసు 23. ఇక పదేళ్లు ఈ జట్టుదేనని అందరూ రాసేశారు.

జరిగింది వేరు. శాంప్సన్ మోకాళ్లు దెబ్బతిని, 1987 డిసెంబర్‌లో వేరే జట్టుకు వెళ్లిపోయాడు. మాదకద్రవ్యాల కారణంగా ఇద్దరు గార్డులను (బయటి నుంచి బంతిని నడిపే ఆటగాళ్లను) లీగ్ బహిష్కరించింది. మిగిలినవాడు ఒలాజువాన్ ఒక్కడే. 1987 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే సిరీస్‌లలో) సియాటిల్‌తో జరిగిన ఆరో మ్యాచ్‌లో అతడు 49 పాయింట్లు, 25 రీబౌండ్లు సాధించాడు. రెండు అదనపు వ్యవధులు ఆడాక కూడా జట్టు ఓడింది, సిరీస్ పోయింది. తర్వాతి నాలుగేళ్లు, 1988 నుంచి 1991 వరకు, ప్రతిసారీ మొదటి రౌండులోనే ఇంటికి. 1992లో ప్లేఆఫ్స్‌కు అర్హత కూడా రాలేదు.

చిత్రమేమిటంటే, అంకెల పరంగా అతడి అబ్బురాలు ఈ కరువు కాలానివే. 1988-89లో 282 బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ను అడ్డుకోవడం), 213 స్టీళ్లు (బంతి లాక్కోవడం) చేశాడు. ఒకే సీజన్‌లో రెండూ 200 దాటినవాడు లీగ్ చరిత్రలో అతడొక్కడే. ఈ అంకె విలువ తెలియాలంటే రెండు పనుల స్వభావం తెలియాలి. బ్లాక్ చేసేవాడు బుట్ట దగ్గర కాపు కాస్తాడు, స్టీల్ చేసేవాడు బంతి వచ్చే దారిలో చేయి పెట్టడానికి చొరవ తీసుకుని ముందుకు దూకుతాడు. సాధారణంగా ఒకటి చేస్తే రెండోది కుదరదు. ఆ రెండింటికీ సరిపోయేంత వేగంగా తిరిగి వచ్చే కాళ్లు ఇంకే సెంటర్‌కూ లేవు. 1990 మార్చి 29న మిల్వాకీ మీద 18 పాయింట్లు, 16 రీబౌండ్లు, 10 అసిస్టులు (సహచరుడి బుట్టకు దారితీసే పాస్‌లు), 11 బ్లాకులతో క్వాడ్రపుల్ డబుల్, అంటే నాలుగు అంశాల్లో రెండంకెల లెక్క, సాధించాడు. ఎన్‌బీఏ లెక్కల్లో ఇప్పటికి నాలుగే ఉన్నాయి.

అయినా జట్టు ఎందుకు గెలవలేదు? సహచరులు బలహీనులన్నది సగం జవాబు. మిగతా సగం ఒలాజువాన్ దగ్గరే ఉంది. ఆ రోజుల మ్యాచ్‌లు చూస్తే, బంతి అతడి చేతికి అందాక తిరిగి బయటకు రాదు. ఇద్దరు మీద పడ్డా, ముగ్గురు మీద పడ్డా షాట్‌కే వెళ్తాడు. 1991-92లో అతడి సగటు అసిస్టులు 2.2 మాత్రమే. ప్రత్యర్థి కోచ్‌కు ఇంతకంటే సుఖం లేదు. రెండో మనిషిని నిర్భయంగా పంపవచ్చు, ఎందుకంటే వదిలేసినవాడికి బంతి రాదు.

1992 నాటికి పరిస్థితి తెగేదాకా వచ్చింది. తొడ కండరం గాయాన్ని అతడు నటిస్తున్నాడని యాజమాన్యం ఆరోపించింది, అతడు తనను వేరే జట్టుకు పంపేయమన్నాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో జట్టు పగ్గాలు రూడీ టామ్‌జనోవిచ్ చేతికి వచ్చాయి. ఆ తర్వాతి సీజన్ ఆరంభంలో రెండు మ్యాచ్‌ల కోసం జపాన్ వెళ్తున్న విమానంలో ఒలాజువాన్, జట్టు యజమాని ఎదురెదురుగా మాట్లాడుకుని రాజీపడ్డారు. గంటల తరబడి పారిపోవడానికి వీల్లేని చోట ఇద్దర్ని కూర్చోబెడితే కుదిరే రాజీలు కొన్ని ఉంటాయి. ఆ విమానం ఎక్కకపోయి ఉంటే మనం ఈ రోజు మాట్లాడుకుంటున్న ఒలాజువాన్ ఏ జట్టులో తేలేవాడో చెప్పలేం.

టామ్‌జనోవిచ్ చేసిన మార్పు చెప్పుకోవడానికి సులువు, ఆడించడానికి కష్టం. ఒలాజువాన్‌ను బుట్టకు ఎడమ పక్కనో కుడి పక్కనో నిలబెట్టి, మిగిలిన నలుగురిలో వీలైనంతమందిని మూడు పాయింట్ల గీత వెంట పరిచాడు. దీని వెనుక నాటి నియమం ఒకటుంది. అప్పట్లో ఎన్‌బీఏలో జోన్ రక్షణ నిషిద్ధం. డిఫెండర్ తన మనిషికి దగ్గరగా అయినా ఉండాలి, లేదా బంతి ఉన్నవాడి మీదకు పూర్తిగా వెళ్లి డబుల్ టీమ్ (ఇద్దరు కలిసి కాయడం) అయినా చేయాలి. ఇటూ అటూ కాకుండా మధ్యలో తచ్చాడితే రెఫరీ ఈల వేస్తాడు. కాబట్టి ఒలాజువాన్‌కు బంతి అందగానే ప్రత్యర్థి ముందు రెండే దారులు. ఒక్కణ్ణే వదిలితే అతడు ఆ ఒక్కణ్ణి తినేస్తాడు. రెండో మనిషిని పంపితే, కెనీ స్మిత్, వెర్నన్ మాక్స్‌వెల్, రాబర్ట్ హారీ, మారియో ఎలీలలో ఒకడు గీత దగ్గర ఖాళీగా ఉంటాడు.

ఈ పథకం పనిచేయాలంటే ఒలాజువాన్ పాస్ ఇవ్వడం నేర్చుకోవాలి. నేర్చుకున్నాడు. 1992-93లో అసిస్టులు 2.2 నుంచి 3.5కు చేరాయి, పాయింట్లు కూడా 26.1కి పెరిగాయి. కొత్తగా కోర్టుకు వచ్చేవాళ్లకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది, బంతిని పంచితే తన పాయింట్లు తగ్గాలి కదా అని. పాస్ వస్తుందన్న భయం పుట్టాక రెండో డిఫెండర్ అర క్షణం ఆలస్యంగా బయలుదేరతాడు. ఒలాజువాన్‌కు ఆ అర క్షణం చాలు. గత సీజన్‌లో 42 మ్యాచ్‌లు గెలిచిన జట్టు ఈసారి 55 గెలిచింది. తర్వాతి రోజుల్లో లీగ్ అంతా పాకిన ఆట తీరు, మధ్యలో ఒక పెద్ద ఆటగాడు, చుట్టూ దూరపు షాట్లు కొట్టేవాళ్లు, దీనికి మొదటి ఘనవిజయం ఈ హ్యూస్టన్ జట్టే.

ఇక 'డ్రీమ్ షేక్' సంగతి. 'డ్రీమ్' అన్నది కాలేజీ రోజుల నుంచి అతడి ముద్దుపేరు కాబట్టి ఆ కదలికకు ఆ పేరు వచ్చింది. అదొక్క కదలిక అనుకుని అనుకరించబోయే కుర్రాళ్లు విఫలమవుతారు. అది ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్రశ్నల వరుస, ప్రతి ప్రశ్నకూ డిఫెండర్ ఇచ్చే జవాబును బట్టి తర్వాతిది మారుతుంది. బంతి అందుకునేటప్పుడే ఒలాజువాన్ చిన్నగా గెంతి రెండు పాదాల మీద ఒకేసారి దిగేవాడు. అలా దిగితే ఏ పాదాన్నైనా పివట్‌గా, అంటే నేలకు ఆనించి తిరిగే ఇరుసుగా, వాడుకునే హక్కు ఉంటుంది, డిఫెండర్‌కు ఏ పక్కకు తిరుగుతాడో తెలియదు. తర్వాత వీపుతో డిఫెండర్ బరువు ఎటు ఉందో తడుముతాడు. కోర్టు మధ్యవైపు భుజం, తల ఒకేసారి విసురుతాడు. డిఫెండర్ కదిలితే, వెంటనే బేస్‌లైన్ (బుట్ట వెనుక గీత) వైపు తిరిగి వెనక్కు వాలుతూ వేసే షాట్, ఫేడ్‌అవే. డిఫెండర్ కదలకపోతే, ఆ మధ్యవైపే వెళ్లి ఒంటి చేత్తో తల మీదుగా వేసే హుక్ షాట్. ఫేడ్‌అవేకు అలవాటుపడి ముందే ఎగరడం మొదలుపెడితే, బంతి పైకెత్తినట్టు చూపించి, అతడు గాలిలో ఉండగా కింద నుంచి అడుగు వేసి బుట్ట దగ్గర నుంచే బంతిని వేసే లేఅప్.

ఇందులో అందరూ గమనించనిది మోకాళ్లు. నకిలీ షాట్ చూపించేటప్పుడు చాలామంది బంతిని మాత్రమే పైకెత్తి కాళ్లు నిటారుగా చేసేస్తారు. అప్పుడు మళ్లీ వంగితే తప్ప ఎగరలేరు, ఆలోపు డిఫెండర్ కిందికి దిగి కుదుటపడతాడు. ఒలాజువాన్ తల, భుజాలు, బంతి అన్నీ పైకి వెళ్తాయి, మోకాళ్లు మాత్రం వంగే ఉంటాయి. ఎదుటివాడు నమ్మేది పై సగాన్ని, ఆట నడిచేది కింది సగంలో. నేను నేర్పే కుర్రాళ్లతో ముందుగా బంతి లేకుండా, గోడకు ఎదురుగా, ఈ ఒక్కటే చేయిస్తాను. వాళ్లకు విసుగు పుడుతుంది. విసుగు పుట్టాక కూడా చేసినవాళ్లకే వస్తుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. 1993-94లో జోర్డాన్ బేస్‌బాల్‌కు వెళ్లిన మాట నిజం. ఆ సీజన్‌లో హ్యూస్టన్ మొదటి 15 మ్యాచ్‌లు వరుసగా గెలిచి, మొత్తం 58 గెలిచింది. ఒలాజువాన్ సీజన్ అత్యుత్తమ ఆటగాడు, అత్యుత్తమ డిఫెండర్, ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడు, మూడు పురస్కారాలనూ ఒకే ఏడాది అందుకున్నాడు. ఆ పని ఇంకెవరూ చేయలేదు. ఫైనల్‌లో ఎదురు నిలిచింది ఈవింగ్ ఉన్న న్యూయార్క్. ఏడు మ్యాచ్‌ల్లోనూ ఈవింగ్ కంటే ఒలాజువానే ఎక్కువ పాయింట్లు చేశాడు. సగటున ఇతడివి 26.9, అతడివి 18.9. న్యూయార్క్ 3-2 ఆధిక్యంతో ఆరో మ్యాచ్‌కు వచ్చింది. చివరి క్షణాల్లో హ్యూస్టన్ 86-84తో ముందుంది. ఆ క్వార్టర్‌లో చెలరేగి ఆడుతున్న న్యూయార్క్ గార్డు జాన్ స్టార్క్స్ మూడు పాయింట్ల షాట్‌కు లేచాడు. అది పడితే టైటిల్ న్యూయార్క్‌దే. ఈవింగ్‌ను కాయవలసిన ఒలాజువాన్ గీత దాకా ఉరికి వచ్చి, వేలి కొసతో బంతిని తాకాడు. షాట్ దారి తప్పింది. ఏడో మ్యాచ్ 90-84తో హ్యూస్టన్ గెలిచింది. ఆ ఒక్క ఎత్తులో గోల్‌కీపర్ ఉన్నాడు, మలోన్ దగ్గర నేర్చిన మొండితనం ఉంది, ఏడడుగుల మనిషి గార్డును వెంబడించగల కాళ్లూ ఉన్నాయి.

1995 టైటిల్ విషయంలో జోర్డాన్ లేడన్న వాదన అసలు నిలవదు. అతడు ఆ మార్చిలోనే తిరిగి వచ్చాడు, ప్లేఆఫ్స్ ఆడాడు, రెండో రౌండులో ఓర్లాండో చేతిలో 4-2తో ఓడాడు. ఆ ఓర్లాండోనే ఫైనల్‌లో హ్యూస్టన్ 4-0తో ఊడ్చేసింది. విరామం వల్ల జోర్డాన్ పూర్తి పదునులో లేడని ఎవరైనా అంటే నేను ఒప్పుకుంటాను. అయితే షికాగో వరుసగా మూడు టైటిళ్లు గెలిచిన 1990-91 నుంచి 1992-93 దాకా కూడా, ఆ రెండు జట్లు ఆడుకున్న ఆరు లీగ్ మ్యాచ్‌లలో ఐదు హ్యూస్టన్‌వే. షికాగోలో ఒలాజువాన్‌ను ఆపగల సెంటర్ లేడు. ఫైనల్‌లో ఏమయ్యేదో చెప్పలేం కానీ, తేలిగ్గా తేలేది మాత్రం కాదు.

నిజానికి 1995 టైటిల్ మొదటిదానికంటే కష్టమైనది. సీజన్ మధ్యలో కాలేజీ మిత్రుడు డ్రెక్స్‌లర్‌ను తెచ్చుకున్నా, జట్టు 47 మ్యాచ్‌లే గెలిచి కాన్ఫరెన్స్‌లో (లీగ్‌లోని సగం జట్ల విభాగంలో) ఆరో స్థానంతో ప్లేఆఫ్స్‌కు వచ్చింది. ఆరో స్థానం నుంచి టైటిల్ గెలిచిన జట్టు మరొకటి లేదు. యూటా మీద 3-2. ఫీనిక్స్ మీద 1-3తో వెనుకబడి 4-3. తర్వాత శాన్ ఆంటోనియో. ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడి పురస్కారం ఆ జట్టు సెంటర్ డేవిడ్ రాబిన్సన్‌కు వచ్చింది, దాన్ని సిరీస్ రెండో మ్యాచ్‌కు ముందు సొంత ప్రేక్షకుల ఎదుట అతడికి అందించారు. ఒలాజువాన్ అక్కడే నిలబడి చూశాడు. ఆ సిరీస్‌లో అతడి సగటు 35.3 పాయింట్లు, 12.5 రీబౌండ్లు. రాబిన్సన్ చెడ్డ డిఫెండర్ కాడు, తన కాలంలో మేటివాళ్లలో ఒకడు. అందుకే ఆ అంకెలకు అంత విలువ. ఫైనల్‌లో ఓర్లాండో సెంటర్, 23 ఏళ్ల షకీల్ ఓనీల్ సగటున 28 పాయింట్లు చేశాడు, ఒలాజువాన్ 32.8 చేశాడు. ఓనీల్ తర్వాతి రోజుల్లో అందరినీ వెటకారం చేశాడు కానీ, ఒలాజువాన్ గురించి మాత్రం ఎప్పుడూ గౌరవంగానే మాట్లాడాడు.

అతడి మత నిష్ఠ గురించి ఒక్క మాట చెప్పాలి, ఆటతో దానికి సంబంధం ఉంది కనుక. 1991లో తన పేరును అకీమ్ నుంచి హకీమ్‌గా సరిదిద్దుకున్న నాటి నుంచి అతడు రంజాన్ ఉపవాసాలను సీజన్ మధ్యలో కూడా వదల్లేదు. పగలంతా నీళ్లు కూడా ముట్టకుండా మధ్యాహ్నపు మ్యాచ్‌లు ఆడిన సందర్భాలున్నాయి. 1995లో రంజాన్ ఫిబ్రవరిలో వచ్చింది, ఆ నెల లీగ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైంది అతడే. కోపంతో ఎదుటివాళ్ల మీదకు వెళ్లే తొలినాళ్ల ఆటగాడు ఆ తర్వాత నెమ్మదించాడన్నది అతడితో ఆడినవాళ్లందరి మాట. పెద్ద కంపెనీల ఖరీదైన బూట్లకు బదులు, 35 డాలర్ల లోపే దొరికే స్పాల్డింగ్ బూట్లకు తన పేరు ఇవ్వడం కూడా ఆ రోజుల్లోనే. బూట్ల కోసం కుర్రాళ్లు కొట్టుకునే కాలమది.

ఆ తర్వాతి ఆట గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున స్వర్ణం. 1997లో ఛార్లెస్ బార్‌క్లీతో కలిసి కాన్ఫరెన్స్ ఫైనల్, అక్కడ యూటా ఆటగాడు జాన్ స్టాక్‌టన్ చివరి షాట్‌తో ఓటమి. గాయాలు పెరిగాయి. 2001లో టొరంటోకు వెళ్లి ఒక్క సీజన్ ఆడి, వెన్నునొప్పితో 2002లో ఆట మానేశాడు. అదే ఏడాది హ్యూస్టన్ జట్టు అతడి 34వ నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది, 2008లో బాస్కెట్‌బాల్ మేటివాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మొత్తం 26,946 పాయింట్లు, 13,748 రీబౌండ్లు, 3,830 బ్లాకులు. బ్లాకుల్లో ఇప్పటికీ అతడిదే రికార్డు. కాకపోతే లీగ్ బ్లాకులను లెక్కపెట్టడం మొదలైంది 1973-74లో. అంతకుముందరి మేటి సెంటర్ బిల్ రసెల్ కాలంలో ఎవరూ లెక్క రాయలేదు, కాబట్టి ఆ రికార్డును చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పడం న్యాయం.

రిటైరయ్యాక చాలామంది క్రీడాకారులు డబ్బు పోగొట్టుకుంటే, ఇతడు పెంచుకున్నాడు. హ్యూస్టన్‌లో స్థలాలు, భవనాలు కొని అమ్మే వ్యాపారంలో బాగా సంపాదించాడు. ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం కాబట్టి అప్పు చేయడు, చేతిలో ఉన్న నగదుతోనే కొంటాడు. మార్కెట్ పడిపోయినప్పుడు అప్పులవాళ్లు అమ్ముకోవలసి వస్తే ఇతడు ఆగగలిగాడు, నిష్ఠే వ్యాపార బలం అయ్యింది. నగరం నడిబొడ్డున 1928 నాటి పాత బ్యాంకు భవనాన్ని కొని మసీదుగా మార్పించాడు. అరబ్బీ, మత విద్య కోసం కొన్నేళ్లు జోర్డాన్ దేశంలో గడిపాడు.

వేసవుల్లో అతడి దగ్గరకు ఆటగాళ్లు వచ్చి పోస్ట్ ఆట నేర్చుకునేవారు. 2009లో కోబీ బ్రయంట్, 2010లో డ్వైట్ హోవార్డ్, 2011 ఫైనల్ ఓడాక లెబ్రాన్ జేమ్స్. వీళ్లలో బ్రయంట్, జేమ్స్ సెంటర్లు కారని గమనించండి. ఆ తర్వాతి సీజన్‌లోనే జేమ్స్ బుట్టకు వీపు పెట్టి ఆడడం పెంచి మొదటి టైటిల్ గెలిచాడు. హోవార్డ్‌కు అంత ఫలితం దక్కలేదు, అతడికి బలం ముందు వచ్చింది కాబట్టి కాళ్ల అవసరం అంతగా తెలిసిరాలేదని నా అనుమానం.

చూడవలసిన మ్యాచ్‌లంటే, ముందు 1987 సియాటిల్ ఆరో మ్యాచ్ చూసి, వెంటనే 1995 శాన్ ఆంటోనియో రెండో మ్యాచ్ చూడండి. మొదటిదాంట్లో రెండో డిఫెండర్ ఎంత ధైర్యంగా మీదకొస్తాడో, రెండోదాంట్లో ఎంత తటపటాయిస్తాడో పోల్చుకోండి. శాన్ ఆంటోనియో మ్యాచ్‌ను మాత్రం రెండుసార్లు చూడాలి. మొదటిసారి ఒలాజువాన్ మోకాళ్లను, రెండోసారి రాబిన్సన్ పాదాలను. రాబిన్సన్ ఎక్కడా తప్పు అడుగు వేయడు, ప్రతి నకిలీకీ సరైన జవాబే ఇస్తాడు, అయినా తర్వాతి ప్రశ్న అప్పటికే వచ్చేసి ఉంటుంది.